నీళ్లను చూసి బయలుదేరండి: నెల్లూరు నుంచి నేలపట్టు, పులికాట్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

డిసెంబరు వచ్చిందంటే చాలు, బంధువులూ ఆఫీసు వాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "పులికాట్‌కి ఎప్పుడు పోతే పక్షులు కనపడతాయి?" వాళ్లకు కావాల్సింది ఒక తేదీ. నేను మాత్రం "అక్కడ నీళ్లు ఎంత లోతున్నాయో కనుక్కున్నారా?" అని అడుగుతాను. చాలా ఏళ్లుగా ప్రతి చలికాలం నెల్లూరు నుంచి నేలపట్టు చెరువుకూ, పులికాట్ సరస్సుకూ పోయొస్తున్నాను. క్యాలెండర్ చూసుకుని వెళ్లినప్పుడు సగం సార్లు నిరాశే మిగిలింది. నీళ్ల సంగతి కనుక్కుని వెళ్లిన ప్రతిసారీ కడుపు నిండినట్టు తిరిగొచ్చాను. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు ఈ రెండు చోట్లను కలిపి చూడండి

చాలామంది నేలపట్టు ఒక టూరు, పులికాట్ ఇంకో టూరు అనుకుంటారు. పక్షులకు ఆ తేడా లేదు. నేలపట్టు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతు (పెలికాన్), పిల్లల మేత కోసం దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్‌కి ఎగిరిపోతుంది. అక్కడ చేపలు పట్టుకుని మళ్లీ గూటికి చేరుతుంది. ఒకటి దాని ఇల్లు, రెండోది దాని పొలం. రెండూ ఒకే ప్రయాణంలో చూస్తేనే ఈ తడినేల ఎలా బతుకుతోందో అర్థమవుతుంది.

పులికాట్ మన దేశంలో చిలికా తరవాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంటుంది. శ్రీహరికోట దీవి దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా నిలబడింది. పశ్చిమం నుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రపు మొగల గుండా, అంటే సరస్సు సముద్రంలో కలిసే చోట్ల నుంచి, ఉప్పునీళ్లు వస్తాయి. ఇంత పెద్ద సరస్సయినా సగటు లోతు ఒక మీటరు దగ్గరే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనికే ముడిపడి ఉంటుంది.

నేలపట్టు దాని పక్కన చాలా చిన్నది, దాదాపు 459 హెక్టార్లు. కానీ గూడబాతులు గూళ్లు పెట్టే చోట్లలో ఆగ్నేయాసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా దీనికి పేరు. రెండింటినీ 1976లోనే పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు. జాతీయ ఉద్యానవనాల్లో లాగా జీపు సఫారీలు, అడవిలో బంగళాలు ఉంటాయని ఊహించుకుని రావద్దు. ఇక్కడ కావాల్సింది కాళ్లూ, కళ్లూ, ఓపికా.

ఒక చిన్న సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరోళ్లం ఇప్పటికీ "మన పులికాట్" అనే అంటాం. కానీ అధికారిక సమాచారం వెతికేటప్పుడు తిరుపతి జిల్లా కింద కూడా చూడండి, లేకపోతే పాత వివరాలే దొరుకుతాయి.

నెల ఎంచుకోవడం: వాన లెక్క, లోతు లెక్క

రాష్ట్రంలో చాలా చోట్ల నైరుతి వానలు ముఖ్యం. మనకు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలే ప్రాణం. ఆ వానలకు నేలపట్టు చెరువు నిండి, చెట్ల మొదళ్లు నీళ్లలో మునుగుతాయి. ఆ నీళ్లే గూళ్లకు కాపలా. చెట్టు చుట్టూ నీళ్లుంటే నక్కా, అడవి పిల్లీ గూటి దాకా రాలేవు. వానలు సరిగ్గా పడని ఏడు చెరువులో నీళ్లు తక్కువైతే పక్షులూ తక్కువే దిగుతాయి.

కాబట్టి నేలపట్టుకు కావాల్సింది నిండు చెరువు. పులికాట్‌లో ఫ్లెమింగోలకు కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు. ఫ్లెమింగో నీళ్లలో నిలబడి, తల కిందికి వంచి, ముక్కును తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడకట్టుకుని తింటుంది. దానికి జానెడు నుంచి మూరెడు లోతుంటే హాయి. భారీ వానలకు సరస్సు పొంగి ఉన్నప్పుడు అవి రోడ్డుకు దగ్గరగా నిలబడలేవు, ఎక్కడో నీళ్ల మధ్య మెరకల (తిప్పల) అవతల పలచటి నీళ్లు వెతుక్కుంటాయి.

ఒక ఏడు నవంబరు చివర్లో, తుపాను వెళ్లిన వారానికే ఉత్సాహంగా పోయాం. రోడ్డుకు రెండు పక్కలా సముద్రంలా నీళ్లు. ఒక్క ఫ్లెమింగో లేదు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మా పిల్లల మొహాలు చూసి, "నీళ్లు ఇంకా లోతుగుండాయి నాయనా. సంక్రాంతి దాటినాక రాండి, రోడ్డు పక్కనే నిలబడుంటాయి" అన్నాడు. జనవరి ఆఖరి ఆదివారం మళ్లీ పోతే ఆయన చెప్పినట్టే ఉంది.

నా అనుభవంలో లెక్క ఇలా తేలింది. గూళ్లు, పిల్లలు చూడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఫ్లెమింగోలు దగ్గర్నుంచి కావాలంటే జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు. రెండూ ఒకే రోజు దొరికే కాలం సంక్రాంతి తరవాత నాలుగైదు వారాలు. ఒక్కసారే వెళ్లగలిగితే అప్పుడే వెళ్లండి. మార్చి దాటితే ఎండ ముదురుతుంది, పక్షులు పలచబడతాయి. నడివేసవిలో పులికాట్ ఉత్తర భాగం చాలా మేర ఎండి, ఉప్పు తేలిన బురదనేలగా మారుతుంది.

వారం ముందు కనుక్కోవాల్సినవి

మొదటిది నీళ్ల సంగతి. నేలపట్టు, పులికాట్ రెండూ సూళ్లూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం కింద ఉంటాయి. అక్కడ అడిగితే చెరువు నిండిందా, గూళ్లలో పిల్లలున్నాయా, పులికాట్ రోడ్డు పక్కన పక్షులు దిగాయా చెబుతారు. గేటు తీసే వేళ, టికెట్ ధర కూడా అప్పుడే కనుక్కోండి. ఇవి మారుతుంటాయి.

రెండోది రాకెట్ ప్రయోగం. పులికాట్ మీదుగా పోయే సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు చివర సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఉంది. మన వాడుకలో షార్. ప్రయోగం రోజు ఆ రోడ్డు మీద పోలీసు తనిఖీలుంటాయి, సూళ్లూరుపేట లాడ్జీలు నిండిపోతాయి, సరస్సులో పడవలకు ఆంక్షలుంటాయి. పక్షుల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజు మానుకోవడం మంచిది. రాకెట్ కూడా చూడాలనుకుంటే షార్ గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి వేరే రోజు పెట్టుకోండి. గ్యాలరీలో కూర్చునే టెన్షన్‌తో పక్షులు చూడడం కుదరదు.

మూడోది పక్షుల పండుగ. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఆ రోజుల్లో బస్సులు, పడవలు, స్టాళ్లు అన్నీ ఉంటాయి. పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది, పక్షుల గురించి చెప్పేవాళ్లు కూడా దొరుకుతారు. కానీ మైకులు, జనం మధ్య నిదానంగా చూసే వీలుండదు. మొదటిసారి వచ్చేవాళ్లకు నా సలహా: పండుగ అయిపోయిన వారం తరవాత, ఆదివారం కాకుండా మామూలు రోజున రండి.

నాలుగోది వాతావరణం. డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం హెచ్చరిక ఉందంటే ప్రయాణం వాయిదా వేయండి. ఆ గాలుల్లో పడవ మాట అటుంచి, సరస్సు మీది రోడ్డులో బైకు నడపడం కూడా ప్రమాదం.

ఎలా వెళ్లాలి

కారయితే నెల్లూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వైపు. గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు తిరగాలి. మొత్తం 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, తెల్లవారుజామున గంటన్నర. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6.40 ప్రాంతంలో అవుతుంది. అయిదింటికి బయలుదేరితే సరిపోతుంది. పొగమంచు ఉండే రోజుల్లో ఇంకో అరగంట చేతిలో పెట్టుకోండి, లారీల వెనక తొందరపడొద్దు.

రైలయితే నెల్లూరు–గూడూరు–సూళ్లూరుపేట లైను. దొరవారిసత్రానికీ స్టేషన్ ఉంది, నేలపట్టు అక్కడికి దగ్గరే. కానీ ప్యాసింజర్లే ఆగుతాయి కాబట్టి వేళలు చూసుకుని దిగాలి. సూళ్లూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకోవడం తేలిక. ఆటో అతనితో ముందే స్పష్టంగా చెప్పండి: నేలపట్టులో రెండు గంటలు ఆగాలి, సాయంత్రం శ్రీహరికోట రోడ్డులో మెల్లగా పోతూ నాలుగైదు చోట్ల ఆపాలి, ఇంజను ఆపేయాలి, హారను కొట్టకూడదు. ఇలా చెబితే మొదట వింతగా చూస్తారు. ఒకసారి వచ్చాక వాళ్లే "అన్నా, అదిగో ఆ పక్క చూడు" అని చూపిస్తారు. బస్సులో వచ్చేవాళ్లకు కూడా సూళ్లూరుపేటే కేంద్రం. నెల్లూరు నుంచి బస్సులు తరచుగా ఉంటాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

బైనాక్యులర్ తప్పనిసరి. కెమెరా లేకపోయినా ఫరవాలేదు, ఇది లేకుండా పులికాట్ వెళ్తే తెల్లటి చుక్కలు చూసి రావడమే. కొనేటప్పుడు దాని మీద రెండు అంకెలు చూడండి. 8 ఇంటూ 42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. కొత్తవాళ్లకు ఇదే మంచిది. ఇంకా ఎక్కువ రెట్లున్నది తీసుకుంటే చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది. నలుగురికి రెండుంటే చాలు, మనిషికొకటి అక్కర్లేదు. కానీ ఒక్కటే ఉంటే పిల్లలు కొట్లాడుకుంటారు.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. టోపీ, పూర్తి చేతుల చొక్కా, మెత్తటి బూట్లు. సరస్సు మీది రోడ్డులో నీడ లేదు, కొట్టు లేదు. బట్టలు ఆకుపచ్చో, మట్టిరంగో, గోధుమరంగో వేసుకోండి. ఎరుపు, మెరిసే పసుపు, జరీ వద్దు. తినేవి ఇంట్లోంచే స్టీలు డబ్బాలో తెచ్చుకోండి. చిప్స్ కవర్లు ఒక్క గాలి విసురుకు నీళ్లలో పడతాయి, వెనక్కి తెచ్చుకోలేం. డ్రోన్ ఉన్నవాళ్లు ఇంట్లోనే వదిలి రావాలి. అభయారణ్యంలో అది నేరం, పక్షులకు పెద్ద భయం.

బయలుదేరే ముందు ఆదివారం పిల్లల్ని నెల్లూరులోనే స్వర్ణాల చెరువు గట్టుకు తీసుకుపోండి. రొట్టెల పండుగకు పోయే చోటే. అక్కడ నీటికాకులు, తెల్లకొంగలు కనపడతాయి. ముందు ఉత్త కంటితో పక్షిని పట్టుకోవడం, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కంటి దగ్గరికి తెచ్చుకోవడం అక్కడ నేర్పండి. ఈ అరగంట సాధన లేకపోతే పులికాట్ దగ్గర "ఎక్కడ? ఎక్కడ?" అనడంతోనే సమయమంతా పోతుంది.

పొద్దున: నేలపట్టు

లోపలికి వెళ్లగానే ముందు వాసన తగులుతుంది. వేల పక్షుల రెట్ట వాసన. రెండు నిమిషాల్లో అలవాటవుతుంది. ఆ రెట్ట గురించి పిల్లలకు చెప్పండి: చెరువు నీళ్లలో కలిసిన ఆ రెట్టే కింద పొలాలకు ఎరువు. ఆ నీళ్లు పారిన వరి బాగా పండుతుందని ఇక్కడి రైతులు తరాలుగా ఎరిగినవాళ్లు. అభయారణ్యం బోర్డు పడకముందు నుంచీ ఊరివాళ్లు ఈ పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చింది అందుకే. పక్షులొస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం, ఆ నమ్మకంలో ఎరువు లెక్క కూడా ఉంది.

గట్టు మీద నడుస్తూ ముందు చెట్లను చూడండి. నీళ్లలో సగం మునిగి, అయినా పచ్చగా నిలబడినవి నీటి కడప చెట్లు. నెలల తరబడి వేళ్లు నీళ్లలో నానినా కుళ్లని చెట్టు అది. నేలపట్టు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ఒక్కో చెట్టు ఒక అపార్టుమెంటు లాంటిది. గూడబాతులు, పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, ఎవరి కొమ్మ వాళ్లది.

వాచ్‌టవర్ ఎక్కగానే అటూ ఇటూ తిరగకండి. ఒక్క చెట్టును ఎంచుకోండి. ఆ చెట్టులో ఒక్క గూటిని ఎంచుకోండి. ఇరవై నిమిషాలు అక్కణ్నుంచి చూపు తిప్పకండి. ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటిస్తారనుకుంటే ఇదే పాటించండి.

ఎందుకో చెబుతాను. పోయిన చలికాలం మా అక్క కూతురు అలా ఒక గూటిని చూస్తూ కూర్చుంది. గూట్లో రెండు పిల్లలు, బూడిద రంగు నూగు, ఒళ్లంతా ముక్కే అన్నట్టున్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. ఉన్నట్టుండి పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ గోల మొదలుపెట్టాయి. మాకింకా ఏమీ కనపడలేదు, వాటికి మాత్రం తెలిసిపోయింది. కాసేపటికి తూర్పు వైపు నుంచి పెద్దపక్షి వచ్చి, కాళ్లు ముందుకు చాపి, కొమ్మ ఊగిపోయేలా వాలింది. నోరు తెరిచింది. పెద్దపిల్ల తల మొత్తం, మెడ దాకా, ఆ తిత్తిలోకి దూర్చేసింది. బయటికి కనిపించేది రెండు చిన్న రెక్కలూ ఒక తోకా. తల్లి మెడ లోపలి నుంచి అటూ ఇటూ ఉబ్బుతోంది. చిన్నపిల్ల పక్కనుంచి పొడుస్తోంది. అర నిమిషం తరవాత పెద్దది తల బయటికి తీసింది, ముక్కంతా తడి. మా అమ్మాయి బైనాక్యులర్ దించి, "పిన్నీ, అది పులికాట్ నుంచి తెచ్చిందా?" అని అడిగింది. అవునన్నాను. సాయంత్రం పులికాట్‌లో నీళ్ల మీద బారులు తీరిన గూడబాతుల్ని చూసి, "వీటిలో మన గూటి అమ్మ ఉంటుంది" అంది. రెండు చోట్లూ ఒకే రోజు చూడమనేది అందుకే.

గూడబాతును గుర్తుపట్టడం కష్టం కాదు. బూడిద కలిసిన తెలుపు, పొడుగాటి ముక్కు, పై దవడ అంచున వరసగా మచ్చలు, కింద వేలాడే తిత్తి. రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది. అంత బరువైన పక్షి గాల్లోకి లేచాక ఎంత తేలిగ్గా తేలుతుందో చూడండి. రెక్క కొట్టకుండా ఎంతసేపు పోతుందో లెక్కపెట్టమని పిల్లలకు పని చెప్పండి.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది. పొలాల్లో నత్తలు ఏరి తినడానికి పనికొచ్చే ముక్కు అది. తెల్లకంకణం ఒళ్లంతా తెలుపు, తలా మెడా నున్నటి నలుపు, కొడవలి లాంటి ముక్కు. ఎర్రకాళ్ల కొంగకు పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు. తెడ్డుమూతి కొంగ కనపడితే అదృష్టం, పేరులోనే దాని ముక్కు ఉంది.

ఇక్కడున్న చిన్న మ్యూజియం ఎండెక్కాక చూడండి, ముందు కాదు. తొమ్మిదిన్నర దాకా గట్టు మీదే ఉండండి. కిందికి దిగి గూళ్ల చెట్లకు దగ్గరగా పోవాలని అసలు ప్రయత్నించకండి. మనిషి దగ్గరికొస్తే పెద్దపక్షి లేచిపోతుంది, గుడ్లు ఎండకు కాగుతాయి, ఆ కాస్త సందులో కాకులు దూరతాయి. మన ఒక్క ఫోటోకి అక్కడ ఒక గూడు పోతుంది.

నడి మధ్యాహ్నం

సూళ్లూరుపేటకు వచ్చి టిఫినో భోజనమో చేయండి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, రాత్రయినా తలుపులు వేయని గుడి. ప్రయోగాల ముందు ఇస్రో వాళ్లు వచ్చి దణ్ణం పెట్టుకునేది ఇక్కడే. ఎండవేళ ఒక గంట కూర్చోవడానికి ప్రశాంతమైన చోటు.

పడవ ఎక్కాలనుకునేవాళ్లు తడ దగ్గరి భీములవారిపాళెం వెళ్లవచ్చు. సరస్సు మధ్యలోని ఇరకం దీవికి పడవలు పోయేది అక్కణ్నుంచే. లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, గాలి జోరుగా ఉంటే మానేయండి. పడవవాళ్లను పక్షుల గుంపుల్లోకి తీసుకుపొమ్మని బతిమాలొద్దు. నిజం చెప్పాలంటే పక్షులు చూడడానికి పడవ అంత మంచిది కాదు, రోడ్డు మీదినుంచే బాగా కనపడతాయి. పడవ సరస్సు కోసం, ఆ గాలి కోసం.

అక్కడి జాలర్లతో మాట్లాడే వీలు దొరికితే వదులుకోకండి. సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులుగా పంచుకునే 'పాడు' అనే పాత కట్టుబాటు గురించి చెబుతారు. రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుకతో పూడిపోయి సముద్రపు నీళ్లు రావడం తగ్గిందని, రొయ్యలు, పీతలు తగ్గాయని బాధపడతారు. ఆ బాధ పక్షులది కూడా. మొగ పూడితే చేప రాదు, చేప రాకపోతే నేలపట్టు గూట్లో పిల్లకు మేత ఉండదు.

సాయంత్రం: సరస్సు మధ్యలో రోడ్డు

మూడున్నరకు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు బయలుదేరండి. పొద్దున పది దాటాక నీళ్ల మీది నుంచి వేడి ఆవిరి లేచి, బైనాక్యులర్‌లో బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. ఫోటోలు మసకబారేది దానివల్లే. నాలుగు తరవాత ఆ కదలిక తగ్గి, ఎండ పచ్చబడి, ఫ్లెమింగోల గులాబీ రంగు బయటపడుతుంది.

ఇంకో కిటుకు. ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. పోయేటప్పుడు ఎడమచేతి వైపు, అంటే ఉత్తరపు నీళ్లను చూస్తే వెలుగు మీ వెనక నుంచి పడి పక్షుల రంగులు స్పష్టంగా కనపడతాయి. కుడివైపు మెరుపు కొట్టి అన్నీ నల్లటి నీడల్లా ఉంటాయి. కాబట్టి ఎడమ వైపు పక్షులుంటే పోతూ ఆపుకోండి. కుడివైపు గుంపులను ఉత్త కంటితో గుర్తుపెట్టుకుని ముందుకు సాగండి.

అటకానితిప్ప దగ్గర ఆగండి. తిప్ప అంటే నీళ్ల మధ్య మెరకగా తేలిన నేల, ఈ సరస్సు ఊళ్ల పేర్లలో ఆ మాట వినపడుతుంది. రోడ్డు మీద షార్ బస్సులు వేగంగా పోతుంటాయి. వెడల్పుగా ఉన్న చోటే బండి పూర్తిగా పక్కకు తీసి ఆపండి, పిల్లల్ని నీళ్ల వైపు దించండి.

బురద గురించి గట్టిగా చెబుతున్నాను. నీళ్లు తీసిన చోట నేల పైన ఎండి, పగుళ్లిచ్చి, గట్టిగా కనపడుతుంది. కింద మెత్తటి బురద. మా తమ్ముడు ఫోటో కోసం నాలుగడుగులు వేశాడు, అయిదో అడుగుకు మోకాలి దాకా దిగిపోయాడు. తువ్వాలు విసిరి ఇద్దరం లాగాల్సి వచ్చింది. చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్లలైతే ఏమయ్యేదో తలుచుకుంటే భయం వేస్తుంది. రోడ్డు అంచు దాటొద్దు.

ఫ్లెమింగోల గుంపు దొరికాక కళ్లను వాటి కాళ్ల మీదికి దించండి. నిలబడిన చోటే కాళ్లతో తొక్కుతూ, తమ చుట్టూ తామే మెల్లగా తిరుగుతుంటాయి. బురద కదిలి, అందులోని నాచు, చిన్న పురుగులు పైకి తేలతాయి. వంకర ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు లోపలికి పీల్చి, మేత ఆపుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది. ఆ గులాబీ రంగు కూడా ఆ మేతలోంచి వచ్చిందే. గుంపులో బూడిద రంగువి కనపడితే వేరే జాతి అనుకోకండి, అవి ఇంకా రంగు రాని పిల్లలు. పెద్ద ఫ్లెమింగోకు లేత గులాబీ ముక్కు, కొన మాత్రం నలుపు. ముక్కంతా ముదురు రంగులో, ఒళ్లు చిన్నగా ఉంటే అది చిన్న ఫ్లెమింగో.

ఫ్లెమింగోల చుట్టూ ఉన్నవాళ్లను కూడా వదలొద్దు. సన్నటి ఎర్ర కాళ్ల మీద నిలబడిన నలుపు తెలుపు ఉల్లంకులు, తోక సూదిలా ఉన్న సూదితోక బాతులు. ఈ బాతులు హిమాలయాలు దాటి, ఉత్తరపు చలి దేశాల నుంచి వచ్చినవి.

ఒక సాయంత్రం రోడ్డు పక్కనే మూడు నాలుగు వందల ఫ్లెమింగోలు మేస్తున్నాయి. ఇంకో బండిలో వచ్చినవాళ్లు వీడియో కోసం హారను కొట్టి, చప్పట్లు చరిచారు. గుంపంతా ఒక్కసారి లేచింది. రెక్కల కింద ఎరుపూ నలుపూ విచ్చుకున్నాయి. చూడ్డానికి అందంగానే ఉంది. వాళ్లకు పది సెకన్ల వీడియో దొరికింది. పక్షులు కిలోమీటరు అవతల దిగాయి, చీకటి పడేదాకా మళ్లీ రాలేదు. వెనకాల బస్సులో వచ్చిన బడి పిల్లలకు చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆ పక్షి పొద్దంతా తిని కూడబెట్టుకున్న శక్తి అలా లేచినప్పుడల్లా ఖర్చవుతుంది. మీ పక్కన ఎవరైనా అలా చేయబోతే మంచిగా చెప్పండి. నేను చెబుతాను, చాలామంది వింటారు.

రాత్రి ఉండగలిగితే

ఒక్క రోజులో హడావిడి అనిపిస్తే వరస మార్చండి. మొదటి రోజు మధ్యాహ్నం బయలుదేరి సాయంత్రం పులికాట్ చూడండి, సూళ్లూరుపేటలో నిద్ర చేయండి, తెల్లారేసరికి నేలపట్టుకు చేరండి. పెద్దవాళ్లున్న ఇంటికి ఇదే నయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాచ్‌టవర్ ఎక్కక్కర్లేదు, గట్టు మీది బల్లల నుంచే గూళ్లు కనపడతాయి. సరస్సు రోడ్డులో కారులో కూర్చునే చూడవచ్చు. పక్షులు మనిషి కంటే కదలని కారుకు తక్కువ భయపడతాయి కూడా.

తిరిగొచ్చేటప్పుడు

బండిలోనే ఒక పుస్తకం తీసి రాసుకోండి, ఇంటికొచ్చాక అనుకుంటే మరిచిపోతారు. తేదీ, వేళ, ఏ పక్షులు, సుమారుగా ఎన్ని. పేరు తెలియనిదాన్ని ముక్కు, కాళ్లు, రంగు చూసి పిల్లల చేత బొమ్మ వేయించండి. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ ఉంటే అందులో ఎక్కించండి, పక్షుల లెక్క చూసేవాళ్లకు పనికొస్తుంది. వీటన్నిటికంటే ముందు, అటకానితిప్ప దగ్గర రోడ్డు అంచు నుంచి నీళ్లు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో, ఫ్లెమింగో కాలు ఎంత మునిగి ఉందో రాయండి. మా పుస్తకంలో ఆ రెండు వివరాలే ప్రతి పేజీకి మొదటి వరసలో ఉంటాయి. వచ్చే డిసెంబరులో మీకెవరైనా ఫోన్ చేసి "ఎప్పుడు పోవాలి?" అని అడిగితే ఆ పేజీ తీసి చదివి వినిపించండి.